గారోవ్‌కి తొడిగిన మేజోళ్ళు

గారోవ్ మొదటిసారి దగ్గినప్పుడు తిహోమిర్ నిచ్చెన మీద ఉన్నాడు. ఒక చేతిలో సున్నం బకెట్టు, ఇంకో చేతిలో కుంచె, నెత్తిన వార్తాపత్రిక మడిచి చేసుకున్న టోపీ. కింద ఖళ్ మని చప్పుడైంది. అచ్చం మనిషి దగ్గులాగే ఉంది. పక్కింటి రాదోయ్కా వచ్చిందనుకుని, "రా రా, కాళ్ళ దగ్గర చూసుకుని రా, అంతా సున్నమే" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. మళ్ళీ ఖళ్ మంది. తిరిగి చూస్తే గది మధ్యలో గారోవ్, నాలుగు పొట్టికాళ్ళూ ఎడంగా పెట్టుకుని, మెడ ముందుకి సాచి, గొంతులో ముల్లు ఇరుక్కున్నవాడిలా ఈడ్చి ఈడ్చి దగ్గుతున్నాడు.

తిహోమిర్ గబగబా దిగబోయి ఒక కాలు బకెట్లో పెట్టాడు.

ఆ కుక్క తనది కాదనే తిహోమిర్ అందరికీ చెప్పుకునేవాడు. "దెసాంకా కుక్క" అనేవాడు. అది ఆయన భార్య పేరు. పెళ్ళాం ఎదుట "నీ కుక్క చూడు, నా చెప్పు కొరికింది" అని చిరచిరలాడి, ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే వాడిని ఒళ్ళోకి ఎత్తుకుని, "ఒరేయ్ నాయనా, చెప్పు బావుందా?" అని అడిగేవాడు. నిజానికి వాడిని ఇంటికి తెచ్చిందే తను. బస్సు డ్రైవరుగా రిటైరైన రోజు డిపోలో డీజిల్ మరకలతో తిరుగుతున్న నల్ల పిల్లని కోటు జేబులో వేసుకుని వచ్చాడు. "వీడ్కోలు బహుమతి ఏమిచ్చారు?" అని దెసాంకా అడిగితే జేబులోంచి తీసి చూపించాడు. ఇంట్లోకి వీల్లేదంది ఆవిడ. ఆ సాయంత్రానికే వాడు ఆవిడ పరుపు మీద ఉన్నాడు.

ఇప్పుడు దెసాంకా ఊళ్ళో లేదు. మోకాళ్ళ నొప్పులకని వేడినీటి బుగ్గల ఊరికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి వేలు చూపించి మరీ చెప్పింది: "మొక్కలకి నీళ్ళు పొయ్యి. కుక్కకి పంది తోలు పెట్టకు. సొంత తెలివితేటలు చూపించకు." మొదటి రెండూ తు.చ. తప్పకుండా చేశాడు. మూడోది మాత్రం ఆయన చేతిలో లేదు. ఆవిడ తిరిగొచ్చేసరికి ఇల్లంతా తెల్లగా మెరిసిపోవాలని, పాత సున్నం గీకి కొత్తది వేయడం మొదలుపెట్టాడు. తొందరగా ఆరాలని వీధివైపు కిటికీ, దొడ్డివైపు కిటికీ రెండూ బార్లా తెరిచాడు.

రెండో పూట రాదోయ్కా నిజంగానే వచ్చింది. గుమ్మంలో అడుగుపెడుతూనే చేత్తో మెడ కప్పుకుంది.

"అన్నయ్యా! ఈ కిటికీలేంటి? ప్రోమాయా!"

ప్రోమాయా అంటే ఎదురెదురు కిటికీల మధ్య దూరే గాలి. అంతకంటే ఏమీ లేదు. కానీ ఆ ఊళ్ళో మెడ పట్టేసినా, చెవి పోటెత్తినా, మూతి వంకరపోయినా, పెళ్ళైన ఏడాదికి కడుపు పండకపోయినా అన్నిటికీ అదే కారణం. పేరులోనే మాయ ఉంది మరి. తిహోమిర్‌కి దాని సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, జులై నెల ఎండలో బస్సు రేకు కాలిపోతున్నా సరే, ఒకవైపు కిటికీ తెరిస్తే రెండోవైపు మూసే ఉంచాడు. పొరపాటున రెండూ తెరుచుకుంటే వెనక నుంచి కేకలు: "డ్రైవరూ, మమ్మల్ని చంపేస్తావా?" దెసాంకాని మొదట చూసింది కూడా అలాగే. అద్దంలో ఒక పిల్ల కనిపించింది, చెవులు రెండు చేతులతో మూసుకుని, "ఆ కిటికీ మూస్తావా, నన్ను దిగిపొమ్మంటావా?" అంటూ. మూశాడు. ఆ మరుసటి ఏడు పెళ్ళయింది.

అలాంటివాడు సున్నం ఆరబెట్టే తొందరలో ప్రోమాయాని మర్చిపోయాడు!

"చూశావా, కుక్క ఎలా ఖంగుఖంగుమంటోందో" అంది రాదోయ్కా. "ఊపిరితిత్తులకి పట్టేసింది. మా అత్తగారు ఇలాగే మొదలెట్టింది. మంగళవారం దగ్గు, శుక్రవారం దీపం."

"అలా అనకమ్మా" అన్నాడు తిహోమిర్.

"నేనంటే ఏముంది, ప్రోమాయా ఊరుకుంటుందా? ముందు కిటికీలు మూసెయ్. బట్టలు కుక్కు సందుల్లో. ఛాతీకి రాకియా పట్టీ వెయ్యి, కాళ్ళకి రాకియాలో ముంచిన ఉన్ని మేజోళ్ళు తొడుగు. పైన కంబళి. తెల్లారేసరికి లేచి కూర్చుంటారు, ఎవరైనా సరే."

రాకియా అంటే ప్లమ్ పళ్ళ సారా. అక్కడ అది లేని ఇల్లుండదు, అది పనికిరాని జబ్బూ ఉండదు. తిహోమిర్ ఇంట్లోనూ ఉంది. కానీ ఆయన రాకియా గురించి ఒక రహస్యం ఉంది. అది ఆయనకీ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదనుకునేవాడు.

కిందటి శరదృతువులో ఊరి సారా బట్టీ ఆయన వంతుకి వచ్చింది. పక్కన సాయానికి ఉండాల్సింది రాయ్కో. రాయ్కో ఆయనకి కూమ్, అంటే పెళ్ళిలో పక్కన నిలబడి సాక్ష్యం పలికినవాడు. ఆ బంధం రక్తసంబంధం కంటే ఒక మెట్టు ఎక్కువ, అందుకే ఎగతాళి కూడా ఒక మెట్టు ఎక్కువ. రాయ్కో రొట్టె, మాంసం తేవడానికి వెళ్ళాడు. తిహోమిర్ మంట దగ్గర వెచ్చగా కూర్చుని కునుకు తీశాడు. లేచేసరికి చివర్లో వచ్చే నీరసపు నీళ్ళు, విడిగా పట్టి పారబోయాల్సినవి, మంచి సరుకులోకి ధారగా పడుతున్నాయి. సారా బలం డిగ్రీల్లో చూసే గాజుగొట్టం అందులో వదిలాడు. ఆ ఊరి కొలతలో మంచి సరుకు ఇరవై దాటాలి, ఇది పదిహేను దగ్గర నిలబడిపోయింది. అది తుడిచి జేబులో పెట్టుకుంటుండగానే రాయ్కో వచ్చి, "ఎంతరా?" అన్నాడు.

"ఇరవై రెండు" అనేసింది తిహోమిర్ నోరు.

ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం కుదర్లేదు. చలికాలంలో వాళ్ళింటి వేల్పు నికోలా పండక్కి చుట్టాలూ పక్కాలూ వచ్చినప్పుడు చిట్టి గ్లాసుల్లో పోసి, "జాగ్రత్తర్రోయ్, ఇరవై రెండు!" అని హెచ్చరించాడు. తాగినవాళ్ళు తాగినట్టే కళ్ళు మూసుకుని, దగ్గి, గుండెలు బాదుకున్నారు. రాయ్కో అయితే కళ్ళనీళ్ళు తుడుచుకుని, "సారా కాదురా ఇది, నిప్పు" అన్నాడు. ఇంతమంది దగ్గేసరికి, గాజుగొట్టమే తప్పు చూపించిందేమోనని తిహోమిర్‌కి కూడా అప్పుడప్పుడు అనిపించేది.

ఇప్పుడు కిటికీలు మూశాడు. సందుల్లో తువ్వాళ్ళు కుక్కాడు. సున్నం పొడి గదిలో తెల్లటి పొగలా నిలిచిపోయింది. సీసా తీశాడు. బలం తక్కువ సరుకు కదా, పనిచెయ్యకపోతే ఎలా అని భయమేసి ఇంకాస్త, ఇంకాస్త అంటూ సగం సీసా ఒంపాడు. గారోవ్ ఛాతీకి పట్టీ చుట్టాడు. తన సొంత ఉన్ని మేజోళ్ళు రెండు జతలు తడిపి నాలుగు కాళ్ళకీ తొడిగి, తాళ్ళతో కట్టాడు. వాడు ఎప్పుడూ లేనంత బుద్ధిగా ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే తిహోమిర్‌ని ఎక్కువ భయపెట్టింది. మామూలు రోజుల్లో తోకకి తడిగుడ్డ తగిలితేనే ఇల్లు పీకి పందిరేసేవాడు.

అప్పుడే ఫోన్ మోగింది. దెసాంకా పేరు మీద ఒక కోలాటం పాట పెట్టుకున్నాడు. ఆ పాట వినగానే గారోవ్ కుడిచెవి లేస్తుంది, ఎడమది లేవదు, పుట్టుకతోనే అంత.

"ఏవయ్యా, బతికే ఉన్నారా? నా కొడుకేడి? చెవి దగ్గర పెట్టు" అంది దెసాంకా.

పెట్టాడు. "గారోవ్, నా బంగారం, నా బొగ్గుముక్కా, ఏం చేస్తున్నావురా?" అంది ఆవిడ. బంగారం ఫోన్లోకే ఖళ్ మన్నాడు.

తిహోమిర్ ఫోన్ లాక్కుని తను కూడా గట్టిగా దగ్గాడు. "నేనే, నేనే దగ్గింది. కాస్త పడిశం."

"కిటికీలు తెరిచి పెట్టుంటావు! తెలుసు నాకు. ఛాతీకి రాకియా రాసుకుని పడుకో."

"రాసేశాను" అన్నాడు తిహోమిర్. ఆ రోజు మొత్తంలో ఆయన చెప్పిన నిజం అదొక్కటే.

మర్నాడు పొద్దున దగ్గు తగ్గలేదు. వాడికి కోడి పులుసు కాచి పోద్దామని మేజోళ్ళు మరోసారి తడిపి, కంబళి కప్పి, అంగడికి వెళ్ళాడు. అంగట్లో కోడి కొట్టించుకుంటున్నంతసేపూ కాలు నిలవలేదు. మాంసం కొట్టేవాడు నవ్వుతూ ఏదో కబురు చెప్పబోతే, "తర్వాత, తర్వాత" అని పొట్లం లాక్కుని వచ్చేశాడు. తలుపు తీస్తూనే, "ఒరేయ్, ఏం తెచ్చానో చూడు" అన్నాడు.

ఎవరూ ఎదురు రాలేదు.

గారోవ్ వంటింటి గడప మీద ఉన్నాడు. ఒక మేజోడు కాలికే ఉంది. ఒకటి పొయ్యి పక్కన, ఇంకో రెండు నమిలి పిండేసి మూలన. తిహోమిర్‌ని చూసి లేవబోయాడు. వెనక కాళ్ళు రెండూ ఒకవైపు, ముందు కాళ్ళు ఇంకోవైపు వెళ్ళాయి. ముక్కు నేలకి కొట్టుకుంది. మళ్ళీ లేచి రెండడుగులు అడ్డంగా నడిచి, కుర్చీ కోడుకి గుద్దుకుని, పక్కకి ఒరిగిపోయాడు. తెల్లటి నురగలాంటిది కక్కాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ ఆ కళ్ళు తిహోమిర్‌ని దాటి వెనక గోడ మీద ఎవరినో చూస్తున్నాయి.

కోడి పొట్లం ఎక్కడ పడేశాడో తిహోమిర్‌కి ఇప్పటికీ తెలీదు.

"పక్షవాతం!" అని అరిచాడు. "రాదోయ్కా! రాదోయ్కా! వీడికి పక్షవాతం వచ్చింది!"

రాదోయ్కా పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ఆవిడ కేకలకి వీధి చివరి నుంచి రాయ్కో వచ్చాడు. రాయ్కో ఏమీ అడగలేదు. కుక్క వైపు ఒకసారి, కూమ్ మొహం వైపు ఒకసారి చూసి, "బండి తీస్తున్నా" అన్నాడు అంతే.

వెనక సీట్లో తిహోమిర్ ఒళ్ళో కంబళి, కంబళిలో గారోవ్. వాడి తల ప్రతి మలుపుకీ ఎటు వేస్తే అటు వాలిపోతోంది. తిహోమిర్ ఒక అరచెయ్యి తల కింద పెట్టి, రెండోది పక్కటెముకల మీద ఆనించి ఉంచాడు. ఊపిరి వస్తోంది. ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఆయన ఊపిరీ ఆగుతోంది. మళ్ళీ వాడు పీల్చుకుంటేగానీ ఆయన పీల్చుకోలేకపోతున్నాడు. దెసాంకాకి ఏం చెప్పాలి? "మొక్కలకి నీళ్ళు పోశాను" అని మొదలుపెట్టాలా?

"వేగంగా పోనియ్యరా."

"పోనిస్తున్నా. ఒరేయ్ కూమా, ఈ వాసనేంటి? పొద్దున్నే వేశావా?"

అప్పుడు తగిలింది తిహోమిర్ ముక్కుకి. కంబళి లోంచి, గారోవ్ నోట్లోంచి, వెచ్చటి ప్లమ్ పళ్ళ వాసన. మూలన పడున్న నమిలిన మేజోళ్ళు కళ్ళ ముందు కదిలాయి. పక్కన కూర్చున్న రాదోయ్కా వైపు చూశాడు. ఆవిడకీ అప్పుడే వాసన తగిలినట్టుంది, మొహం పిండికంటే తెల్లగా అయింది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెట్టింది. కిటికీ మాత్రం తెరవలేదు.

పశువుల డాక్టరు స్లావిత్సా ఏదో ఊళ్ళో ఆవుకి పురుడు పోసి అప్పుడే వచ్చింది. రబ్బరు బూట్లు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. చూడగానే బల్ల మీద పడుకోబెట్టమంది. చంకలో కోడిపెట్టతో కూర్చున్న ముసలాయన ఒకడు, తన వంతు పోయినా పట్టించుకోకుండా మెడ సాచి లోపలికి చూస్తున్నాడు. తలుపు వెయ్యడం ఎవరికీ తోచలేదు.

"ఏం తిన్నాడు?" డాక్టరు రెప్ప ఎత్తి చూస్తూ అడిగింది.

తిహోమిర్ రాదోయ్కా వైపు చూశాడు. రాదోయ్కా గోడ మీది ఆవు బొమ్మ వైపు చూసింది.

"ఏమీ తినలేదు."

"ఎలకల మందు? చీడల మందు? చూడండి, ఏదైనా మింగి ఉంటే ఇప్పుడే చెప్పాలి. సాయంత్రం చెప్తే నాకు పనికిరాదు."

"దగ్గు... ప్రోమాయా తగిలింది" అంది రాదోయ్కా, ఆవు బొమ్మతోనే.

డాక్టరు గారోవ్ నోరు తెరిచింది. వాసన చూసింది. తలెత్తి తిహోమిర్ మొహం దగ్గరకొచ్చి ఆయన్నీ వాసన చూసింది.

"పెద్దాయనా, మీరేమైనా పుచ్చుకున్నారా?"

"ఒట్టు! చుక్క ముట్టలేదు!"

"అయితే మీ కుక్క పుచ్చుకున్నాడు."

గుమ్మంలో కోడిపెట్ట కొక్ మంది. తిహోమిర్ మేజోళ్ళ సంగతి మొత్తం చెప్పేశాడు. చెప్తుంటే ఆయన చెవులకే ఆ మాటలు పిచ్చివాడి మాటల్లా వినిపించాయి.

"నేను ఛాతీకన్నాను!" అంది రాదోయ్కా.

"కాళ్ళకీ అన్నావు కదమ్మా!"

"మనుషుల కాళ్ళకి! మనుషులు మేజోళ్ళు చీకుతారా?"

"ఆపండి" అంది డాక్టరు. "ఎంత పోశారు?"

"సగం సీసా. పొద్దున ఇంకొంచెం."

"ఎన్ని డిగ్రీలు?"

"ఇరవై రెండు" అన్నాడు తిహోమిర్.

ఆలోచించి అన్నది కాదు. ఎవరైనా పేరడిగితే పేరు చెప్పినట్టు, అలవాటుగా వచ్చేసింది. కానీ అది వినగానే డాక్టరు చెయ్యి గారోవ్ పొట్ట మీద అలాగే ఆగిపోయింది.

"ఇరవై రెండా? ఇంత చిన్న ఒంట్లోకా?" ఆవిడ గొంతు మారింది. "అయితే ఇక్కడ నా వల్ల కాదు. ఏ క్షణాన ఊపిరి ఆగిపోతుందో చెప్పలేం. ఊపిరి అందించే యంత్రం చాచక్ పట్నం ఆసుపత్రిలోనే ఉంది. తక్కువ బలందైతే ఇక్కడే సెలైన్ ఎక్కించి, కదపకుండా వెచ్చగా పెట్టి చూసేదాన్ని. వీడి స్థితికి దారి కుదుపులు మంచివి కావు. కానీ ఇరవై రెండంటే ఇక్కడ ఉంచుకోలేను. తీసుకెళ్ళండి. దారిలో..."

ఆవిడ కంబళి మళ్ళీ గారోవ్ చుట్టూ చుట్టింది.

రాయ్కో అప్పటికే జేబులోంచి బండి తాళాలు తీశాడు. "పద కూమా."

చాచక్ దారి తిహోమిర్‌కి కంఠతా వచ్చు. బతుకంతా ఆ దారి మీదే గడిచింది. వంతెన దాటాక వచ్చే గుంతలు, రాళ్ళ గని దగ్గర మూడు మెలికలు, లారీలు ఎదురొస్తే పక్కకి దిగాల్సిన చోటు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు పరిగెత్తాయి. ప్రతి గుంతలోనూ గారోవ్ తల వాలిపోవడం కనిపించింది. బల్ల మీద వాడు ఒకసారి నాలుక చప్పరించి, మళ్ళీ కదలకుండా అయిపోయాడు. వెళ్ళాల్సిన పని లేని దారి అది. లేదని ఈ గదిలో తెలిసింది తనకొక్కడికే.

గదిలో రాయ్కో ఉన్నాడు. రాదోయ్కాకి తెలిసిందంటే సాయంత్రానికి చర్చి గంట కూడా అదే చెప్తుంది. గుమ్మంలో కోడిపెట్ట ముసలాయన ఏ వీధివాడో, వాళ్ళ వీధికీ చేరుతుంది.

"పదిహేను" అన్నాడు తిహోమిర్.

"ఏంటి?"

"పదిహేను, డాక్టరమ్మా. ఇరవై రెండు కాదు. బట్టీ దగ్గర నిద్రపోయాను. నీరసపు నీళ్ళు కలిసిపోయాయి. పదిహేనే. అంతకంటే ఒక్కటి కూడా లేదు."

రాయ్కో చేతిలో తాళాల గలగల ఆగిపోయింది.

"ఖాయంగానా?" డాక్టరు ఆయన కళ్ళలోకి చూసింది. "ఇది గొప్పలు చెప్పుకునే సమయం కాదు."

"ఇందులో గొప్పేముందమ్మా!" అని తిహోమిర్ దాదాపు ఏడ్చాడు.

ఆవిడ రబ్బరు బూట్లు టపటపలాడించుకుంటూ సీసాలు తెచ్చింది. గారోవ్ ముందు కాలి మీద బొచ్చు గీకి సూది గుచ్చింది. మొద్దుబారిన వాడు మూలగనైనా మూలగలేదు. వేడినీళ్ళ సంచులు కంబళిలో పెట్టి తిహోమిర్‌ని పక్కన కూర్చోమంది. "పక్కటెముకల మీద చెయ్యి తియ్యకండి. ఊపిరి మందగించిందనిపిస్తే అరవండి. నేను పక్క గదిలోనే ఉంటా. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

అరవడానికి సిద్ధంగా నోరు కాస్త తెరుచుకునే కూర్చున్నాడు తిహోమిర్. మధ్యాహ్నం గడిచింది. సెలైన్ చుక్క చుక్కగా పడుతోంది. వాడి పక్కటెముకలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఒక్కోసారి దిగాక లేవడానికి చాలాసేపు పట్టినట్టు ఉండేది. రెండుసార్లు అరిచాడు. రెండుసార్లూ డాక్టరు పరిగెత్తుకొచ్చి, చూసి, "బానే ఉంది" అని వెళ్ళింది. మూడోసారి అరవబోయి, సిగ్గుపడి, ఆగి, ఆ సిగ్గు వల్లే వాడు పోతాడేమోనని వణికి, అరిచేశాడు. ఇంటి వేల్పు నికోలాతో మాట్లాడాడు. "స్వామీ, నీ పండక్కి నీరసపు సారా పోసినందుకు కోపం వస్తే నామీద చూపించు. వీడు తాగింది కూడా అదేగా" అన్నాడు. అని, దేవుడితో వాదిస్తున్నానేమోనని మళ్ళీ భయపడ్డాడు.

రాదోయ్కా మూలన కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. రాయ్కో బయటికి లోపలికి తిరుగుతున్నాడు. ఎవరూ రాకియా మాట ఎత్తలేదు.

జేబులో కోలాటం పాట మోగింది.

తిహోమిర్ తియ్యలేదు. తియ్యాలంటే చెయ్యి పక్కటెముకల మీంచి తియ్యాలి. తీసి ఏం చెప్పాలి? పాట ఆగింది. మళ్ళీ మొదలైంది. దెసాంకా ఒకసారి మోగించి ఊరుకునే మనిషి కాదు.

అప్పుడు గారోవ్ కుడిచెవి కదిలింది.

తిహోమిర్ కదల్లేదు. తప్పు చూశానేమో అనుకున్నాడు. పాట మోగుతూనే ఉంది. చెవి ఇంకాస్త లేచింది, వణికింది, సగంలో నిలబడింది. ఆయన ఫోన్ తీసి, మాట్లాడకుండా తిన్నగా ఆ చెవికే ఆనించాడు.

"ఏవయ్యా, ఎక్కడ చచ్చావు? పలకవేం? గారోవ్? ఒరేయ్ గారోవ్, నా బొగ్గుముక్కా, ఆ ముసలాడేడిరా?"

ఇనప బల్ల మీద తోక ఒక్కసారి టక్ మని కొట్టుకుంది.

"డాక్టరమ్మా!" అని అరిచాడు తిహోమిర్. ఇది నాలుగోసారి. ఈసారి ఆవిడ నడిచే వచ్చింది. రెప్ప ఎత్తి చూసింది. గారోవ్ ఆవిడ వేలు నాకాడు.

"ఇక ఫరవాలేదు" అంది. "తల పగిలిపోతూ ఉంటుంది పాపం వీడికి. కానీ గట్టెక్కాడు."

"డాక్టరెవరు? ఏం జరిగింది?" ఫోన్ అరుస్తోంది. "తిహోమిర్! ఆ గదేంటి, గుయ్ మంటోంది?"

తిహోమిర్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఇక అబద్ధాలు అల్లడానికి ఓపిక లేదు. సున్నం నుంచి మొదలుపెట్టి మేజోళ్ళ దాకా, ఇరవై రెండు నుంచి పదిహేను దాకా, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు.

"పదిహేనా?" అంది దెసాంకా, గది అంతా వినిపించేలా. "నేను పదమూడనుకున్నాను."

తిహోమిర్ రాయ్కో వైపు చూశాడు. రాయ్కో టోపీ తీసి తల గోక్కున్నాడు.

"నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంట్రా? చప్పరిస్తే తెలీదూ?" అన్నాడు రాయ్కో. "పండగ రోజు వీధంతా దగ్గాం కదరా నీకోసం. మా ఆవిడైతే ఇంటి దగ్గరే చెప్పి పంపింది, తిహో చిన్నబుచ్చుకుంటాడు, కాస్త గట్టిగా దగ్గు అని. మర్నాటికి నాకు నిజంగానే గొంతు పట్టేసింది."

"నేను కళ్ళనీళ్ళు కూడా తెచ్చుకున్నాను" అంది మూల నుంచి రాదోయ్కా. ఇప్పుడూ ఆవిడ కళ్ళలో అవే ఉన్నాయి.

సిగ్గుపడాలని తిహోమిర్‌కి తెలుసు. కానీ ఆ సమయానికి ఆయన దగ్గర సిగ్గు మిగల్లేదు. గారోవ్ తోక ఇంకోసారి కొట్టుకుంటుందేమోనని అటే చూస్తూ కూర్చున్నాడు.

పంపించేముందు డాక్టరు వాడి గొంతు చూసి, ముక్కు తుడిచి, దూదికి అంటిన తెల్లటి పొడి తిహోమిర్‌కి చూపించింది. "ఇదీ మీ ప్రోమాయా. సున్నం గీకిన పొడి. తెరిచిన కిటికీలు తెరిచినట్టే వదిలేస్తే రెండు పూటల్లో తగ్గిపోయేది. మీరు మూసేసి, ఆ దుమ్ములోనే వీడిని పడుకోబెట్టారు. ఇక సారా సంగతి. కుక్కకి అది విషం. చుక్కైనా సరే, ఒంటి మీదైనా సరే. ఇంకోసారి వాసన తగిలిందంటే ఈ బల్ల మీద మిమ్మల్ని పడుకోబెడతాను."

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

"ఇల్లు తడిగుడ్డతో తుడవండి. తాగడానికి నీళ్ళు. రాత్రికి పులుసు. ఇంట్లోకి గాలి రావాలి, కిటికీలు తెరవండి."

"వీధివైపుదా, దొడ్డివైపుదా?"

"రెండూ."

"ఒకేసారా?" అన్నాడు తిహోమిర్.

"ఒకేసారి."

రాదోయ్కా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

సాయంత్రం వెలుగుండగానే వీధిలో పోయేవాళ్ళందరికీ ఆ దృశ్యం కనిపించింది. సగం తెల్లగా సగం మాసి ఉన్న గదిలో, రెండు కిటికీలూ బార్లా తెరిచి, మార్చి నెల గాలి ఈ పక్కనుంచి ఆ పక్కకి తెరలు ఎగరేసుకుంటూ పోతోంది. సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకుని తిహోమిర్. చెవుల మీదికి లాక్కున్న గొర్రెతోలు టోపీ, మెడ చుట్టూ దెసాంకా శాలువా, దానిమీద ఇంకో శాలువా. ఒళ్ళో గారోవ్, ముందు కాలికి కట్టుతో. కాసేపటికి వాడు ఒకసారి ఖళ్ మన్నాడు. తిహోమిర్ బిగుసుకుపోయాడు. రెండో దగ్గు కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. అయినా ఎదురుచూడ్డం మానలేదు.

రాదోయ్కా కిటికీ పక్క నుంచి పోతూ ఆగింది. మెడ చేత్తో మూసుకునే తల లోపలికి పెట్టింది.

"అన్నయ్యా, ఒట్టు, చస్తావు!"

"మెల్లగా" అన్నాడు తిహోమిర్ పెదాలతోనే. "వాడు నిద్రపోతున్నాడు."

మెడ ఎడమవైపు నిజంగానే పట్టేస్తున్నట్టు అనిపించింది ఆయనకి. అరచెయ్యి గారోవ్ పక్కటెముకల మీదే ఉంచి, అలాగే కూర్చున్నాడు.